శుక్రవారం ప్రసంగంలో భాగీరథీ బీబీ

ఆ శుక్రవారం పొద్దున శ్రీధర మేష్ట్రు పెట్టుకున్న పని ఒక్కటే. పన్నెండున్నరకల్లా భోజనం ముగించి, ఉతికిన పంచె కట్టుకొని, వసారాలో కుర్చీ వేసుకొని కూర్చొని, తన శిష్యుడు మసీదులో తెలుగులో ప్రసంగిస్తుంటే చెవులారా వినడం. కర్ణాటకలోని చింతామణిలో సర్కారు హైస్కూలు పిల్లలకు ముప్ఫై మూడేళ్ళు కన్నడం చెప్పి రిటైరైన ఆయనకు, అరవై ఆరో ఏట దొరికిన ఒకే ఒక్క తెలుగు శిష్యుడు అతను. ఆ శిష్యుడు సందు అవతలి మసీదు ఇమాము కావడం, సొంతూరు బీహారులో నేపాలు సరిహద్దు దగ్గరెక్కడో కావడం మేష్ట్రు సంతోషాన్ని తగ్గించలేదు సరికదా, పెంచాయి. తెలుగు వచ్చినవాడికి తెలుగు నేర్పడంలో గొప్పేముందని భార్య భాగీరథితో ఆ వారంలో నాలుగుసార్లు అన్నాడు. నాలుగోసారి ఆమె వినలేదు.

ఇమాము పేరు హాఫిజ్ తౌఖీర్. ముప్ఫై రెండేళ్ళవాడు, సన్నటి మనిషి, నెమ్మదస్తుడు. ఊరికి వచ్చి ఎనిమిది నెలలైనా ఆయనకు వచ్చిన తెలుగు మూడు ముక్కలు: ఎంత, చాలు, బస్సు యాడ. శుక్రవారం నమాజుకు ముందు ఆయన ఉర్దూలో అరగంట ప్రసంగించేవాడు. ముందు వరుసలో పెద్దలు తలలాడించేవారు. వెనక వరుసల్లో కాలేజీ పిల్లలు, టమోటా మండీలో లారీలకు సరుకెక్కించేవాళ్ళు, కొత్త లేఅవుట్లలో ఇళ్ళు కట్టుకొని రోజూ బెంగళూరుకు పోయివచ్చే ఉద్యోగస్తులు, తలలు వంచుకొని ఎంతో భక్తిగా ఫోన్లు చూసుకునేవారు. ఒకరోజు మంగలి షాపులో పక్క కుర్చీ కుర్రవాణ్ణి, పోయిన వారం ప్రసంగం ఎలా ఉందని ఇమాము అడిగాడు. చాలా బాగుందనీ, అర్థం మాత్రం కాలేదనీ వాడు దాపరికం లేకుండా చెప్పాడు. ఇంట్లో దక్కనీ, వీధిలో తెలుగు, బడిలో కన్నడం, ఫోనులో ఇంగ్లీషుతో పెరిగిన పిల్లవాడికి మదరసాలో నేర్చిన బరువైన ఉర్దూ ఎక్కడ ఎక్కుతుంది? ఆ రాత్రి ఇమాముకు నిద్ర పట్టలేదు. వినేవాళ్ళ భాషలో చెప్పకపోతే తాను చెప్పినట్టా, చెప్పనట్టా అనేది ఆయన్ను పట్టుకుంది.

మసీదు కమిటీ అధ్యక్షుడు ప్యారేజాన్ సాబు తెలుగు ప్రసంగానికి తేలిగ్గా ఒప్పుకోలేదు. పట్టుగూళ్ళను ఉడికించి దారం తీసే రీలింగు యూనిట్టు ఆయనది, మసీదుకు అటుపక్కనే ఉంది. మనిషి మంచివాడే కాని ఆయన ముందు ఎవరూ నోరు విప్పరు. ఆయన గొంతు సవరించుకుంటే కమిటీ తీర్మానం అయిపోయినట్టే లెక్క. తాతల నాటి నుంచి ఉర్దూలోనే జరుగుతున్నదాన్ని మార్చాలంటే పెద్దలు నొచ్చుకుంటారని చెప్పి, చివరికి ఒక్క శుక్రవారం ఇచ్చాడు. ఆ ఒక్కరోజులో మసీదు నవ్వులపాలైతే మళ్ళీ ఆ ఊసెత్తకూడదన్నాడు. పై ఆదివారం కమిటీ మీటింగు. ఇమామును ఇంకో ఏడాది ఉంచుకోవాలా, వేరొకరిని చూసుకోవాలా అన్నది కూడా అక్కడే తేలాలి. ఆ మాట ఆయన అనలేదు. అనకుండానే ఇమాముకు అర్థమైంది.

అర్థం కాకుండా ఎలా ఉంటుంది? పోయిన నెలే భార్యనూ, ఐదేళ్ళ కూతురినీ బీహారు నుంచి తెచ్చుకున్నాడు. పిల్లకు బడిలో సీటు దొరికింది. యూనిఫారం కుట్టించారు. బడి తెరవడానికి ఇంకా మూడు వారాలున్నా ఆ పిల్ల ఆ యూనిఫారం వేసుకొని వీధి వీధంతా తిరుగుతోంది. ఆ పిల్లను చూశాక ఈ ప్రసంగం బాగా రావాలని ఇమాముకన్నా మేష్ట్రుకే ఎక్కువ పట్టుదల వచ్చేసింది.

విషయం పొరుగువాడి హక్కులు. ఇమాము హిందీలో చెబుతూ పోతే మేష్ట్రు తెలుగులో రాశాడు. ఖర్జూరాల తోట ఉదాహరణ దగ్గర ఇద్దరికీ కొంచెం వాదన జరిగింది. చింతామణిలో ఖర్జూరం తోట ఎవరు చూశారు, టమోటా తోట అనమన్నాడు మేష్ట్రు. ఇమాము చాలాసేపు ఆలోచించి, ప్రవక్త చెప్పిన మాటలో అక్షరం మార్చడానికి వీల్లేదనీ, తాను ఇచ్చే ఉదాహరణలైతే ఎన్నయినా మార్చుకోవచ్చనీ తేల్చాడు. అలా ఖర్జూరం పోయి టమోటా వచ్చింది. ఒంటెల బిడారు పోయి బెంగళూరు బస్సులో కిటికీ పక్క సీటు వచ్చింది. ఇంట్లో పులుసు కాచినప్పుడు ఇంకొన్ని నీళ్ళు పోసి పొరుగింటికీ పంపమన్న బోధన మాత్రం ఉన్నదున్నట్టే ఉండిపోయింది. అది విని భాగీరథి, ఆకుకూర ఉడికించిన నీళ్ళతో కాచే మన బస్సారుకు కూడా సరిపోతుందని మెచ్చుకుంది.

చిక్కు వచ్చింది చదవడంలో. ఆ సీమలో తెలుగువాళ్ళంతా కన్నడ బళ్ళలో చదివినవాళ్ళే కాబట్టి తెలుగు రాయాల్సివస్తే కన్నడ అక్షరాల్లోనే రాస్తారు. మేష్ట్రూ అలాగే రాశాడు. ఇమాముకు ఈ అక్షరాలూ రావు, ఆ అక్షరాలూ రావు. ఆరు పేజీలూ కళ్ళకద్దుకొని తిరిగి ఇచ్చేసి, తాను హాఫిజునని గుర్తుచేశాడు. పదకొండో ఏటికే పవిత్ర గ్రంథమంతా చెవితో విని కంఠస్థం చేసినవాడు. దీర్ఘం, ఒత్తు, విరామం, ఊపిరి తీసుకునే చోటు, ఏదీ జారకూడదని గురువు బెత్తం పట్టుకొని నేర్పిన చదువు అది. మేష్ట్రు గొంతు ఫోనులో రికార్డు చేసి ఇస్తే చాలని, ఒక్క అక్షరం పోదని మాట ఇచ్చాడు. ఆ మాట నూటికి నూరుపాళ్ళు నిజమని మేష్ట్రుకు తర్వాత తెలిసింది.

రికార్డింగు ఒక సోమవారం పొద్దున నడుమింట్లో జరిగింది. ఇదివరకు ఒకసారి మధ్యలో ఆపబోయి మొత్తం పోగొట్టుకున్న అనుభవం ఉండడంతో, ఒకసారి ఎర్ర చుక్క వెలిగాక ఏం జరిగినా దాన్ని ముట్టుకోకూడదని మేష్ట్రు నియమం పెట్టుకున్నాడు. పద్దెనిమిది నిమిషాల్లో ఇంట్లో చాలా జరిగాయి. జరిగినప్పుడల్లా ఆయన భార్యతో రెండు ముక్కలు మాట్లాడి, మళ్ళీ గొంతు సవరించుకొని ప్రసంగంలోకి వచ్చాడు. మధ్యలోవి ఇంటి మాటలని ఎవరికైనా తెలియదా అనుకున్నాడు. తెలుగు రానివాడికి తెలియదని తట్టలేదు.

ఆ తర్వాత పది రోజులు ఇమాము రోజూ సాయంత్రం మేష్ట్రు ఇంటికి వచ్చి నేర్చినంత అప్పజెప్పాలనేది ఏర్పాటు. మొదటి మూడు రోజులు అలాగే వచ్చాడు, మొదటి నాలుగు నిమిషాల పాఠం అప్పజెప్పాడు. పలుకు సరిగా రాకపోతే మేష్ట్రు బళ్ళో చేసినట్టే అరచెయ్యి ఎత్తేవాడు. ఎత్తితే ఆ మాట మళ్ళీ, ఇంకా నిదానంగా, ఇంకా గట్టిగా పలకాలని అర్థం. నాలుగో రోజు బెంగళూరులో కూతురు సుప్రీతకు జ్వరమని కబురొస్తే మేష్ట్రు దంపతులు వెళ్ళి, గురువారం సాయంత్రానికి గాని రాలేదు. వచ్చిన వెంటనే ఇమాము వచ్చి కూర్చున్నాడు. మొదటి నాలుగు నిమిషాలూ వినేసరికి మేష్ట్రుకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తన గొంతే, తన యాసే, పడుచుతనంతో సహా తిరిగి వచ్చినట్టుంది. మిగతాది రేపు మింబరు మీదే వింటానని, దిష్టి తగులుతుందని లేపి పంపేశాడు. మింబరంటే ఇమాము నిలబడి మాట్లాడే వేదిక.

శుక్రవారం పన్నెండూ ఇరవైకి మేష్ట్రు చారన్నంలో ఉండగా ఆయన ఫోనుకు ఇమాము నుంచి ఒక గొంతు సందేశం వచ్చింది. భాగీరథి తెరిచి వినిపించింది. ఆమెకు హిందీ మేష్ట్రుకన్నా బాగా వస్తుంది, టీవీ పుణ్యమా అని.

ఇమాము చాలా వినయంగా ఒక సంగతి చెబుతున్నాడు. ప్రసంగంలో భాగీరథి అనే పేరు వస్తోంది. ఎవరో పుణ్యాత్మురాలని పలికే తీరులోనే తెలుస్తోంది. అంత గొప్ప స్త్రీని ఒట్టి పేరుతో పిలవడం మర్యాద కాదు కాబట్టి చివర బీబీ అని చేర్చుకుంటున్నాడు. అభ్యంతరం ఉంటే ఇప్పుడే చెప్పమన్నాడు. లేదంటే ఫోను ఆపేసి, కాళ్ళూ చేతులూ కడుక్కొని వజూ చేసుకొని మసీదులోకి వెళ్ళిపోతాడు.

భాగీరథి ఫోను కింద పెట్టి మొగుడి వైపు చూసింది. పన్నెండేళ్ళుగా పొరుగునున్నా ఆమెను ఇమాములంతా అమ్మాజీ అనే పిలుస్తారు. అసలు పేరు ఎవరికీ తెలియదు.

"నా పేరు ఆ ప్రసంగంలోకి ఎట్ల వచ్చె?" అంది.

మేష్ట్రు ఎంగిలి చెయ్యి అలాగే ఉంచుకొని, ఎడమచేత్తో పాత రికార్డింగు వెతికి పెట్టాడు. నాలుగు నిమిషాల దాకా బంగారంలా ఉంది. ఆ తర్వాత వినవచ్చిన వాటిని ఇద్దరూ కదలకుండా విన్నారు. మొదట పాలు పొంగాయి. తర్వాత నిచ్చెన వచ్చింది. మూడోది వినేసరికి భాగీరథి చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మూడోది ప్యారేజాన్ సాబు సంగతి.

మరి ప్యారేజాన్ సాబు పేరు ఇమాముకు తెలుసు కదా, అనుమానం రాలేదా అనవచ్చు. వచ్చింది, వేరే రకంగా. ఈ సీమలో మొక్క నాటే సభయినా సరే, మాన్య అధ్యక్షుల పేరెత్తి నాలుగు మాటలు పొగడకుండా ముందుకు సాగదని ఎనిమిది నెలల్లో ఆయన గమనించాడు. మాస్టర్ సాబ్ ఆ ఆచారం ప్రకారం అధ్యక్షులను పొగిడారని అనుకొని, ఎంతో కృతజ్ఞతతో, ఆ భాగాన్ని అన్నిటికన్నా ఎక్కువ సాధన చేశాడు.

మేష్ట్రు ఫోను చేస్తే అటువైపు ఆగిపోయి ఉంది. బీబీ విషయానికి జవాబు రాలేదు కాబట్టి అభ్యంతరం లేదని అర్థం చేసుకొని ఇమాము లోపలికి వెళ్ళిపోయాడు. మేష్ట్రు చెయ్యి కడుక్కొని సందులోకి పరుగెత్తాడు. సందు నిండా చాపలు పరిచి ఉన్నాయి. లోపల చోటు చాలనివాళ్ళు అక్కడ కూర్చుంటారు. వాళ్ళకు వినిపించడానికి మేష్ట్రు ఇంటి గోడకే ఒక చిన్న స్పీకరు కట్టి ఉంది. దానికి అనుమతి ఇచ్చినదీ ఆయనే. తెలుగు ప్రసంగమని తెలిసి ఆ రోజు మామూలు కన్నా ఎక్కువమంది వచ్చారు.

గుమ్మం దగ్గర నిలబడి అందరికీ చోటు చూపిస్తున్నతను ఒకప్పుడు మేష్ట్రు దగ్గర పదో తరగతి చదివాడు, ఇప్పుడు గాజుల అంగడి నడుపుతున్నాడు. మేష్ట్రు అతని చెయ్యి పట్టుకొని, ఇమాముతో ఒక్క నిమిషం మాట్లాడాలి, ప్రసంగం ఆపాలి అన్నాడు.

"తెలుసు సార్," అన్నాడతను ఆ చేతిని రెండు చేతులా పట్టుకొని. "పాఠం చెప్పినోళ్ళకు ఇట్లనే బయముంటాది. మీరు ముందరే కూకోవల్లనని అధ్యక్షులు చెప్పినారు. కుర్చీ కూడా వేయించినారు."

మేష్ట్రు కాదు కాదన్నకొద్దీ అది వినయం కిందికి జమైంది. వరుస తర్వాత వరుస జరిగి దారి ఇచ్చింది. భుజాలు పట్టుకొని ముందుకు నడిపించి, గోడవారగా వేసిన ఎర్ర ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టారు. పక్కనే కింద ప్యారేజాన్ సాబు. ఎదురుగా మింబరు మీద ఇమాము. గురువును చూసి ఆయన ముఖం వెలిగిపోయింది. ప్రసంగం మొదలయ్యాక ఎవరూ మాట్లాడకూడదని మేష్ట్రుకు తెలుసు. ఇమాముకు అది ఇంకా బాగా తెలుసు. ప్రసంగం మొదలైంది.

మొదటి నాలుగు నిమిషాలు మేష్ట్రు తన భయాన్ని మరిచిపోయాడంటే అతిశయోక్తి కాదు. ఆ సన్నటి బీహారు మనిషి నోట చింతామణి తెలుగు కమ్మగా వస్తోంది. టమోటా తోట వచ్చింది. బస్సులో కిటికీ సీటు వచ్చింది. వెనక వరుసల్లో ఒక్కొక్క తలే పైకి లేచింది, ఒక్కొక్క ఫోనే జేబులోకి వెళ్ళింది. ప్యారేజాన్ సాబు కూడా తల ఒక వేలెడు ఆడించాడు. అప్పుడు ఇమాము ఆగి, రెండుసార్లు పొడి దగ్గు దగ్గాడు. అది మేష్ట్రు దగ్గు.

"భాగీరథీ బీబీ, పాలు పొంగుతాండాయి. ఆ మంట కొంచెం తగ్గించు," అన్నాడు ఇమాము, కళ్ళు అరమూసి, గొంతులో ఎంతో ఆర్తితో.

మేష్ట్రు వద్దు వద్దని అరచెయ్యి ఎత్తాడు. ఇమాము వెంటనే ఆగి, గురువుగారి సైగను గౌరవించి, అదే మాట మళ్ళీ, ఇంకా నిదానంగా, ఇంకా గట్టిగా పలికాడు. జనం ఊపిరి బిగబట్టి విన్నారు. మూడో వరుసలో ఒక పెద్దాయన, అవును, కోపమనే మంటే గదా అన్నట్టు తల పంకించాడు.

ప్రసంగం మళ్ళీ దారిన పడింది. అరువు తెచ్చుకున్న వస్తువు అడగకముందే తిరిగి ఇవ్వడం పొరుగువాడి ధర్మమని చెప్పే చోటది. సరిగ్గా ఆ చోటే సోమవారం నాడు భాగీరథి నిచ్చెన అడిగింది.

"నిచ్చెన యాడుండాది? గంగాధరప్ప ఎత్తుకొనిపోయి రెండు నెలలాయె. అడిగితే నాదే అంటాడు," అన్నాడు ఇమాము.

గంగాధరప్ప ఇల్లు సందు చివర. ఆయన మసీదుకు వచ్చే మనిషి కాదు. శుక్రవారం మధ్యాహ్నాలు వసారాలో మంచం మీద పడుకొని ఉంటాడు. ఈ మాట స్పీకర్లోంచి సందంతా వినిపించింది. మేష్ట్రు రెండు చేతులూ ఎత్తాడు. ఇమాము ఎంత తప్పు పోయిందోనని గాబరాపడి దాన్ని రెండుసార్లు చెప్పాడు. గంగాధరప్ప మంచం మీద లేచి కూర్చున్నాడని ఆ తర్వాత ఆయన భార్య చెప్పింది.

ఇక చేతులు ఎత్తకూడదని మేష్ట్రు రెండు అరచేతులూ తొడల కింద పెట్టుకొని వాటి మీద కూర్చున్నాడు. మిగిలింది మూడోది. లెక్క ప్రకారం పదమూడో నిమిషంలో రావాలి. ఎదురుగా గడియారం ఉంది. ఆయన జీవితంలో అంత పొడుగు నిమిషాలు లేవు. కిటికీలోంచి చూస్తే సందులో చాపల అంచున, తండ్రి గొంతు వినడానికి వచ్చి, యూనిఫారం వేసుకొని నిలబడిన ఐదేళ్ళ పిల్ల కనిపించింది. దేవుడా, నా నోటి దురదకు ఆ పిల్ల బడి పోగొట్టకు అని మేష్ట్రు మనసులో మొక్కుకున్నాడు. ఏ దేవుడికి మొక్కాడో చూసుకునే తీరిక లేదు.

పదమూడో నిమిషం వచ్చింది. ఇమాము అధ్యక్షుల వైపు తిరిగి, కుడిచెయ్యి గుండె మీద పెట్టుకొని, చిరునవ్వుతో మొదలుపెట్టాడు.

"మళ్ళా పొగనా? ప్యారేజాన్ సాబు బాయిలరు పొగంతా నీ సండిగల మీదికే రావల్లనా? నల్లగయిపోయినాయా? పదకొండేండ్లనుంచి ఇదే కత. ఆయప్పకు ఎదురుగా చెప్పేదానికి ఈ ఊర్లో ఎవురికి దైర్యముండాది, భాగీరథీ బీబీ."

సండిగలంటే వడియాలని ఆ మసీదులో ఇమాముకు తప్ప అందరికీ తెలుసు. మూడు వందల తలలు ఒక్కసారి ప్యారేజాన్ సాబు వైపు తిరిగాయి. మేష్ట్రుకు నుదుటి మీద చెమట కారి కంట్లోకి దిగింది. తుడుచుకోవడానికి చెయ్యి పైకెత్తాడు. ఎత్తిన మరుక్షణమే ఏం చేశాడో తెలిసింది కాని ఆలస్యమైపోయింది. ఇమాము చిరునవ్వు ఇంకా పెద్దది చేసి, ఆ ముక్కంతా మొదటి నుంచీ, మాట మాట విడదీసి, ఇంకోసారి చెప్పాడు.

మిగతా ఐదు నిమిషాలు ఏం జరిగిందో మేష్ట్రుకు తెలియదు. పులుసులో నీళ్ళు పోయడం వినిపించినట్టుంది. నమాజు ముగిసింది. జనం లేచారు. ఎవరూ నవ్వలేదు, అదే ఆయనకు ఇంకా భయమనిపించింది. ప్యారేజాన్ సాబు గొంతు సవరించుకొని, మేష్ట్రునూ ఇమామునూ కమిటీ గదిలోకి రమ్మని సైగ చేశాడు.

గదిలో ఒక బల్ల, మూడు కుర్చీలు, గోడకు ఒక క్యాలెండరు. ఇమాము ఇంకా సంతోషంగానే ఉన్నాడు. గురువు ముఖం చూశాక ఆ సంతోషం మెల్లగా తగ్గింది. మేష్ట్రు కూర్చోలేదు. ఎవరూ అడగకముందే మొత్తం చెప్పేశాడు. తప్పంతా తనదన్నాడు. రికార్డింగు ఆపడం రాక ఇంటి మాటలు కలిసిపోయాయనీ, అవి ప్రసంగం కాదని పాపం ఆయనకు తెలియదనీ, ఆయన తన పని అక్షరం పొల్లుపోకుండా చేశాడనీ అన్నాడు. అనవలసిందంతా అన్నాక రెండు చేతులూ జోడించాడు.

"సాబూ, శిక్షేమన్నా ఉంటే నాకు వేయండి. ఆ పిల్లను బడి మానిపించొద్దు," అన్నాడు.

ఇమాముకు మాటలు అర్థం కాలేదు కాని, జోడించిన ఆ చేతులు చూసేసరికి ఆయన ముఖం పాలిపోయింది. ప్యారేజాన్ సాబు చాలాసేపు బల్ల మీద వేలితో గీతలు గీశాడు. ఆ తర్వాత గొంతు సవరించుకున్నాడు.

"దగ్గినప్పుడే నాకు తెలిసె మేష్ట్రూ. దగ్గు కూడా మీదే. ఇంటి మాటలని మొదటి నుంచీ తెలుసు." కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. "ఈ మసీదుకు ఇంతవరకూ తొమ్మిదిమంది ఇమాములు వచ్చినారు. అందరూ మా ఇంట్లో బోంచేసినారు, అందరూ పొరుగోళ్ళ గురించి చెప్పినారు. మా ఇంటి పొగ గురించి ఒక్కరూ చెప్పలే. మీరూ చెప్పలే. పదకొండేండ్లు అమ్మాజీ సండిగలు నల్లగా తిన్నాది గాని, ఒక్కసారి నా గుమ్మం తొక్కలే. నేను అంత చెడ్డోడినా?"

 చెడ్డవాడని కాదు, మొహమాటమని మేష్ట్రు ఏదో గొణిగాడు. ప్యారేజాన్ సాబు దానికి తల అడ్డంగా ఆడించాడు. పొరపాటున వచ్చినా మింబరు మీంచి వచ్చిన మాట మాటేననీ, సోమవారం మేస్త్రీని పిలిపించి పొగగొట్టం పన్నెండు అడుగులు పైకి లేపిస్తాననీ చెప్పాడు. వెనక వరుసల్లో ఒక్క ఫోను కూడా బయటికి రాని శుక్రవారాన్ని తాను పుట్టి బుద్ధెరిగాక చూడలేదన్నాడు. చివరికి లేచి, ఇమాము భుజం మీద చెయ్యి వేసి, దక్కనీలో ఒకే మాట అన్నాడు. బిడ్డకు పుస్తకాలు కూడా కొనేసెయ్ అని.

ఇమాము అక్కడే గోడకు ఆనుకొని కూర్చుండిపోయాడు. మేష్ట్రు ఆయన పక్కనే కూలబడి, జరిగిందంతా హిందీలో చెప్పాడు. ఇద్దరికీ నవ్వు వచ్చిందో ఏడుపు వచ్చిందో చెప్పడం కష్టం. కాసేపటికి ఇమాము కళ్ళు తుడుచుకొని, భాగీరథీ బీబీ ఎవరని అడిగాడు. మేష్ట్రు చెప్పాడు. ఇమాము రెండు చెవులూ పట్టుకొని, వారం రోజులుగా తాను ఆమె పేరుతో దేవుణ్ణి వేడుకొని దువా కూడా చేస్తున్నానని చెప్పాడు. చేసిందేదో మంచికే చేశావని మేష్ట్రు ఆయన వీపు నిమిరాడు. చిన్నప్పుడు పరీక్షలు ముగిసిన రోజు మధ్యాహ్నంలా ఆయన ఒళ్ళు తేలికైంది.

బయటికి వచ్చేసరికి సందులో చాపలు చుడుతున్నారు. గాజుల అంగడి అతను ఎదురై, పాలు పొంగడమంటే ఆశ అనీ, మంట తగ్గించడమంటే తృప్తి అనీ, ఇంత లోతుగా చెబితే ఎట్ల సార్ అనీ మెచ్చుకున్నాడు. మేష్ట్రు కాదనలేదు. వినయమనుకుంటారు. ఇంటి ముందు గోడకు నిచ్చెన ఆనించి ఉంది. దాని పక్కన గంగాధరప్ప నిలబడి, ఇది మొదటి నుంచీ మీదేనని తనకు తెలుసుననీ, మెట్టు ఒకటి వదులైతే బాగుచేయించి ఇద్దామని ఉంచుకున్నాననీ, ఈ మాత్రానికి మసీదులో చెప్పించాలా అనీ నిష్ఠూరమాడాడు. సోమవారం వచ్చిన మేస్త్రీ పొగగొట్టం లేపడానికి ఆ నిచ్చెనే అడిగి తీసుకున్నాడు, సాయంత్రానికల్లా తిరిగి తెచ్చి ఇచ్చాడు.

ఆదివారం మీటింగులో ఇమామును ఇంకో ఏడాదికి ఉంచుకోవాలనీ, నెలలో రెండు శుక్రవారాలు తెలుగు ప్రసంగం, రెండు ఉర్దూ అనీ తీర్మానమైంది. పెద్దలు నొచ్చుకోలేదు. తాము నొచ్చుకుంటామని అంతా ఎందుకనుకున్నారో వాళ్ళకూ తెలియదు. కానీ ఊళ్ళో ఒక కొత్త జబ్బు మొదలైంది. ఫలానా సందులో మురుగు గురించి, ఫలానావారి కోళ్ళ గురించి, ఎవరెవరో మేష్ట్రు ఇంటికి వచ్చి, మీరు ఎప్పుడు రికార్డింగు చేస్తారు, ఆ పొద్దుకు ఊరికే వచ్చి కూర్చుంటాం అనసాగారు. మేష్ట్రు అందరినీ మర్యాదగా సాగనంపాడు. రికార్డింగు మధ్యలో ఆపడం ఎలాగో సుప్రీతను ఫోనులో అడిగి కాగితం మీద రాసుకున్నాడు. తలుపు గడియ పెట్టుకున్నాడు. ఫోను ముందు ఆ కాగితం పెట్టుకొని, కళ్ళజోడు తుడుచుకొని, ఎర్ర చుక్క నొక్కాడు.

ఈ ఇంట్లోకి వచ్చిన పన్నెండేళ్ళుగా వంటింటి తూము బాగుచేయించమని మొగుడికి చెబుతూ వస్తున్న భాగీరథి, పాలగిన్నె పొయ్యి మీద పెట్టి, ఆ చుక్క వెలిగేదాకా ఓపిగ్గా ఆగింది.